మెల్లగా తిప్పిన ఇంజన్

జహీరాబాద్‌లో మా షౌకత్ చాచా నడిపిన పిండిగిర్నికి ఒక నూనె ఇంజన్ ఉండేది. దాని మీద ఆయనకున్న ప్రేమ చూసి అమీరున్నీసా చాచీ దాన్ని "నా సవతి" అని ఎకసెక్కమాడేది. చప్పుడు వింటే చాలు, దానికి ఎక్కడ నొప్పో చెప్పేవాడు. అంత చెవి ఉన్న మనిషి కళ్లెదుట ఉన్నదాన్ని ఎందుకు చూడలేదా అని నాకిప్పటికీ కోపమే.

గిర్నిలో నాలుగు గుంజల మీద ఒక అటక, దాని నిండా జొన్నల బస్తాలు. ఇంజన్ జోరుగా తిరుగుతుంటే అటక సన్నగా వణికేది, అంతే. రోజూ ఇంజన్ ఆపేటప్పుడు మాత్రం, వేగం తగ్గుతూ ఒకచోటికి రాగానే అటక గట్టిగా ఊగి, మరుక్షణం నిమ్మళించేది. చాచా దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు.

1944 ఎండాకాలంలో ఝరాసంగం నుంచి ముసలి నాగవ్వ జొన్నలు పిండి పట్టించుకోవడానికి వచ్చి ఆ అటక కింద కూర్చుంది.

"పైన వణుకుతుంది కొడుకా, భయమైతుంది. జర మెల్లగ తిప్పు."

"ఫికర్ జెయ్యకవ్వా" అని చాచా వేగం తగ్గించి, ఇంజన్ ఆపకుండా ఆ వేగం మీదే నడిపాడు. అటక ఊగడం మొదలైంది. మెల్లగానే తిరుగుతోంది కదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. ఊపు మీద ఊపు పెరిగి ఒక గుంజ విరిగింది. బస్తాలు నాగవ్వ మీద పడ్డాయి. దవాఖానలో ఆమె కాలు మోకాలి కింద తీసేశారు.

నెల తర్వాత, బడిలో సైన్సు చెప్పే మహాదేవప్ప పంతులు పిండి కోసం వచ్చి సంగతంతా అడిగి తెలుసుకున్నాడు.

"ఉయ్యాలను ఎట్లవడితే అట్ల తోస్తే ఊగుతదా, షౌకత్ భాయ్? అది వాపస్ వచ్చే వేళకు తోస్తేనే ఊపు పెరుగుతది. అటకకు గూడ దాని సొంత ఊపు ఉంటది. నువ్వు ఇంజన్‌ను తెచ్చి సరిగ్గ ఆ ఊపు కాడనే నిలబెట్టినవు. జోరుగ తిప్పినా, మొత్తమే ఆపినా ఏం కాకపోతుండె."

చాచా మూడు రోజులు ఇంజన్ ముట్టలేదు. నాలుగో రోజు నాగవ్వకు నిజం చెప్పి మాఫీ అడగాలని ఝరాసంగం పోయాడు. ఆయన నోరు తెరవకముందే ఆమె ఇరుగుపొరుగు వాళ్లను కేకేసింది.

"ఇగో, ఈ కొడుకే! నేను అడగంగనే మెల్లగ తిప్పిండు. గందుకే కాలుతోని పోయింది, లేకుంటె పానమే పోతుండె. సల్లగుండు బిడ్డా!" అని దువా ఇస్తూ దీవించింది.

 చాచా ఆమె పెట్టించిన రొట్టె తిని వచ్చేశాడు. మళ్లీ పోయి నిజం చెప్తానని చాచీతో అంటూనే ఉన్నాడు. ఆ వానాకాలంలోనే నాగవ్వ చనిపోయింది.

"కాలు తెల్వక తీసిన" అని ముసలితనంలో నాతో అన్నాడు. "దువా మాత్రం తెలిసే తీసుకున్న."