పురిటింటి వాకిట్లో వెబ్‌సైట్ కట్టుబాట్లు

కాళ్ళు చాపుకోని కూర్చోని, మనవరాల్ని కాళ్ళ మీద బోర్లా వేసుకోని వీపుకు ఆముదం రుద్దతా ఉన్నాను. అంతలో మా సందులోకి తెల్ల కారొకటి వచ్చి మా ఇంటి ముందరే నిలబడింది. దాంట్లోనుంచి ఇద్దరు దిగినారు. ఒకాయన ప్యాంటు చొక్కా వేసుకోని, చంకలో ఫైలు పెట్టుకోని ఉన్నాడు. ఇంకొకాయన వయసైన మనిషి. పంచె, భుజాన కండువా, నుదుట నామం. వాకిలికి కట్టిన వేపమండలు చూస్తానే ఆ పెద్దాయన ఆడనే ఆగిపోయినాడు.

"పురిటిల్లు కదమ్మా. మేము తిన్నె మీదనే కూర్చుంటాంలే. నువ్వు బిడ్డను చూసుకో," అన్నాడు.

లోపల గదిలో ఉన్న నా కూతురు ఆయన గొంతు విని, "అయ్యో, శాస్త్రులయ్య! అమ్మా, మా ఆఫీసు వాళ్ళు!" అని లేవబోయింది. "నువ్వు లేస్తివా, కాళ్ళు విరగ్గొడతా," అని నేను అరిచినాను. పెద్దాయన నవ్వినాడు.

హోసూరు అవతల, జూజువాడి చెక్‌పోస్టుకు పోయే రోడ్డు మీద నుంచి కొంచెం లోపలికి పోతే ఒక మఠం వాళ్ళ యూనివర్సిటీ ఉంది. ఆడ వేదం, సంస్కృతం చెప్తారు, మామూలు చదువులూ చెప్తారు. కృష్ణగిరిలో కంప్యూటర్ చదువుకున్న నా కూతురు ఆడ పనికి చేరింది. వాళ్ళ వెబ్‌సైట్ చూసుకునేది తనే. పొద్దున్నే ఆడి గుడిలో సామికి చేసిన అలంకారం ఫోటో పెట్టాల. శాస్త్రులయ్య చెప్పిన తిథి, నక్షత్రం, రాహుకాలం ఎక్కించాల. పరీక్షలు ఎప్పుడు, అడ్మిషన్లు ఎప్పుడు, ఉత్సవాలు ఎప్పుడు, అంతా తనే.

మాకు ఇదంతా ఏం తెలుసు? గొర్రెలు కాసుకునే ఇల్లు మాది. మా ఆయన గుట్ట కింద మంద తోలుకోని పోయినప్పుడు, పొద్దున్నే ఫోను తీసి ఆ సామి ఫోటో చూసి కండ్లకద్దుకుంటాడు. ఆయనకు చదవడం రాదు. సామికి మొక్కతాడో, బిడ్డ చేసిన పనికి మొక్కతాడో, నేను అడగలేదు. పక్కన గొర్రెలు కాసేవాళ్ళను పిలిచి, "ఇది మా పాప పెట్టింది, చూడప్పా," అని చూపిస్తాడంట.

తొలి కాన్పుకు నా కూతుర్ని మా ఇంటికి పిలుచుకొచ్చినాం. మా పక్క బాలింత అంటే తలకు గుడ్డ కట్టాల, చెవుల్లో దూది పెట్టాల, చల్లగాలి తగలకూడదు, కండ్లకు వెలుతురు కొట్టకూడదు. ఇప్పుడు కండ్లు చెడితే ముసలితనంలో దారం సూదికెక్కదని మా అమ్మ నాకు చెప్పింది, నేను నా బిడ్డకు చెప్పినాను. చెప్పి ఊరుకోలేదు, ఫోను ఆపేసి నా చీరల పెట్టెలో పెట్టి తాళం వేసినాను. అది ఒట్టి మాట్లాడుకునే ఫోను అనుకున్నాను గానీ, యూనివర్సిటీ గేటు తాళం కూడా దాంట్లోనే ఉందని నాకేం తెలుసు!

ఆఫీసాయన తిన్నె మీద కూర్చోని నెత్తి పట్టుకున్నాడు. "ఏం చెప్పేదమ్మా. పాస్‌వర్డ్ మీ పాపకు తప్ప ఎవరికీ తెలీదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. నొప్పులొచ్చిన దినం ఏం పెట్టిందో ఇప్పటికీ అదే ఉంది."

"అదే అంటే?" అన్నాను.

దానికి శాస్త్రులయ్య జవాబు చెప్పినాడు. "ఆ దినం ఏకాదశి తల్లీ. మా సైటులో అప్పటినుంచీ దినామూ ఏకాదశే. ఈ పక్కనే ఉండే పోచంపల్లి నుంచి ఒకామె ఫోన్ చేసి, సామీ, ఈ ఉపవాసం వదిలేది ఎప్పుడని అడిగింది."

నవ్వు ఆపుకోలేకపోయినాను. లోపల నా కూతురు కూడా నవ్వబోయి, నడుము పట్టుకోని "అమ్మా" అనింది.

ఆఫీసాయన మాత్రం నవ్వలేదు. వచ్చిన పని చెప్పినాడు. మఠం పెద్దలకు శానా కోపం వచ్చిందంట. రేపు మీటింగ్ పెట్టినారంట. ఆ సైటును బెంగళూరు కంపెనీకి అప్పజెప్పేయండి అని కొందరు, వద్దు, మనమే చూసుకుందాం, కానీ దానికి కట్టుబాట్లు రాసి తీసుకురండి అని కొందరు. ఎవరు ఎక్కించాల, ఎవరు చూడాల, తప్పు వస్తే ఎవరు సరిచేయాల, ఇదంతా రాసుకోని పోవాల. "మీ పాపను అడక్కుండా రాసేదానికి ఆ పని మాకెవరికీ తెలీదు కదా. అందుకే వచ్చినాం," అన్నాడు.

కంపెనీ అనే మాట వినబడగానే లోపల మంచం కిర్రుమనింది. ఆ చప్పుడు నాకు అర్థమైంది. అంతకు ముందు తలకు సాంబ్రాణి పొగ వేసేటప్పుడే నా బిడ్డ అడిగింది, "అమ్మా, నేను మళ్ళీ పోయేలోపల నా పని ఇంకొకరికి ఇచ్చేస్తారా?" అని. "బిడ్డను కన్నావు, ఇంకా ఆ పనెందుకే ఇప్పుడు?" అన్నాను నేను. "బిడ్డ నాదే, ఆ పనీ నాదేనమ్మా," అనింది. అప్పుడు ఆ మాటను నేను ఊరికే విని వదిలేసినాను.

మా ఆయన పోచంపల్లి సంతకు పోయినాడు, ఇంట్లో మొగోళ్ళు లేరు. బాలింత బయటికి రాకూడదు. వాళ్ళు లోపలికి రాకూడదు. అందుకని గది వాకిలికి నా పాత చీర ఒకటి తెర కట్టినాను. తెర లోపల నా కూతురు, తెర బయట తిన్నె మీద వాళ్ళిద్దరు, నడుమ బిడ్డనెత్తుకోని నేను. వాళ్ళు మా ఇంట్లో నీళ్ళు తాగరని తెలుసు. ఇంటికొచ్చినవాళ్ళను ఎండు గొంతుతో కూర్చోబెట్టేది ఎట్ల? ఎదురింటామెకు చెప్తే, వాళ్ళ టెంకాయ చెట్టు లేతకాయలే రెండు ఎళనీర్లు కొట్టించి తెచ్చిచ్చింది. శాస్త్రులయ్య ఎళనీరు అందుకోని, "ఈ ఉపాయం మీ అమ్మదేనా?" అని తెర పక్క అడిగినాడు. "మా అమ్మకు అన్నీ ఉపాయాలే సామీ, నా ఫోను మాత్రం ఇయ్యదు," అనింది నా కూతురు.

మొదలుపెట్టినారు. ఆఫీసాయన అడిగేది, లోపల నుంచి నా కూతురు చెప్పేది, ఆయన రాసుకునేది. పాస్‌వర్డ్ ఒకరి తావనే ఉండకూడదు, ఆఫీసు బీరువాలో కూడా ఉండాల. ఏది ఎక్కించినా ఇంకొకరు చూసి సరే అన్నాకే బయటికి పోవాల. దినం దాటిన సంగతి మరుసటి దినమే తీసేయాల. ఆడపిల్లల ఫోటోలు వాళ్ళను అడక్కుండా పెట్టకూడదు. ఆ మాట దగ్గర ఆఫీసాయన, "ఉత్సవంలో గుంపుగా ఉన్నది కూడానా?" అన్నాడు. "కూడాను సార్. పోయిన ఏడాది కోలాటం ఫోటో పెడితే ఒక పిల్ల వాళ్ళ ఇంట్లో రగడ అయింది, ఆ పిల్ల చదువు మాన్పించబోయినారు. ఆ పిల్ల నా తావకొచ్చి తీసేయక్కా అనింది, తీసేసినాను," అనింది నా కూతురు. ఆయన అది కూడా రాసుకున్నాడు.

బిడ్డ నా భుజాన నిద్రపోయింది. అంతా బాగానే పోతా ఉంది. అప్పుడు శాస్త్రులయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఒక సంగతి ఉందమ్మా. మీటింగులో అడిగేవాళ్ళున్నారు, కాబట్టి అడగతా ఉన్నాను. అంటు దినాల్లో, మైల దినాల్లో గుడిలోకి పోము కదా. సామి ఫోటో ఉండే పేజీని ఆ దినాల్లో ముట్టొచ్చునా?"

 తెర లోపల నుంచి నా కూతురు మాట వచ్చింది. "సామి ఫోటో మాత్రం నేను ముట్టను సామీ. నాకే మనసొప్పదు. కానీ పరీక్ష తేదీ ఎక్కించేదానికి అంటు ఏముంది?"

"సరే, అట్లనే రాద్దాం," అన్నాడు ఆఫీసాయన. రాయబోయి పెన్ను ఆపినాడు. "అయితే ఆ దినాలు ఎప్పుడని మాకెట్ల తెలుస్తుంది? ఆఫీసులో చెప్పాల్సి వస్తుంది కదా. నెలనెలా ఒక కాగితం మాదిరి..."

ఆయన చెడ్డ మనిషి కాదు. అడిగినాక ఆయన ముఖమే ఎర్రగా అయిపోయింది. కానీ మాట బయటికి వచ్చేసింది.

 నేను తెర ఎత్తి చూసినాను. నా బిడ్డ మోకాళ్ళు ముడుచుకోని, తలగుడ్డ చెరగు నోట్లో కుక్కుకోని ఏడస్తా ఉంది. నెలనెలా పోయి అంతమంది మొగోళ్ళ ముందర చెప్పుకోవాల, లేదా పని వదులుకోవాల. పచ్చి బాలింత ఏడిస్తే పాలు విరిగిపోతాయంటారు.  ఏం మాట్లాడాలో, పెద్దోళ్ళ తావ ఎట్ల మాట్లాడాలో నాకు తెలీదు. కండ్లతో చూసిందే చెప్పినాను.

"సామీ, నా బిడ్డ ఏడస్తా ఉంది."

శాస్త్రులయ్య లేచినాడు. తిన్నె దిగి, మా వాకిలి దాటి, తెర ముందరికి వచ్చి నిలబడినాడు. ఇంటికి పోయి తలకు పోసుకోవాల్సిందే ఇంక. అది ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"అమ్మాయీ, ఏడవొద్దు తల్లీ. నేను అడిగింది నీ పని తీసేసేదానికి కాదు. ఇదిగో చూడు, నా సంగతి చెప్తాను. మా దాయాదులు ఈడినుంచి కోలారు దాకా ఉన్నారు. నెలకొకరు పుడతారు, లేదంటే పోతారు. నాకు పురుడో మైలో ఉండని నెల లేదు. ఆ దినాల్లో తిథి ఎట్ల చెప్పినాను?"

ముక్కు చీదుకుంటా లోపల నుంచి, "ఫోనులో చెప్పినారు. నేను ఎక్కించినాను," అనింది నా కూతురు.

"నువ్వు ఎందుకు సామీ అని ఒక్క దినమైనా అడిగినావా?"

"లేదు."

"మరి నేను నిన్నెందుకు అడగాల?" ఆఫీసాయన పక్క తిరిగినాడు. "రాసుకోప్పా. సామి పేజీకి ఇద్దరుండాల. ఈ అమ్మాయి ఒకరు, ఆ కన్నడం చెప్పే టీచరమ్మ ఒకరు. నాకు కూడా జతగా ఇంకొక పండితుడు ఉండాల. ఒకరు ఈ దినం నాకు కాదు అంటే, ఇంకొకరు చేయాల. ఎందుకని ఎవరూ అడగకూడదు. అడిగినా చెప్పాల్సిన పని లేదు. ఆడవాళ్ళకు ఒకటి, మొగవాళ్ళకు ఒకటి కాదు, అందరికీ ఇదే."

"రేపు ఎవరైనా ఒప్పుకోకపోతే?" అన్నాడు ఆఫీసాయన.

"బెంగళూరు కంపెనీలో ఎవరు ఏ దినం మైలలో ఉండి మన సామి ఫోటో ముట్టుకుంటారో కనుక్కోని రమ్మను. అప్పుడు మాట్లాడదాం."

ఆఫీసాయన అప్పుడు నవ్వినాడు, వచ్చినప్పటినుంచీ తొలిసారి. నేను పెట్టె తాళం తీసి ఫోను తెచ్చినాను. నా కూతుర్ని చూడనీయలేదు. తను పాస్‌వర్డ్ చెప్తే ఆయనే నొక్కుకున్నాడు. శాస్త్రులయ్య ఆ దినం తిథి చెప్పినాడు, ఆయన ఎక్కించినాడు. తెరలో నుంచి నా కూతురు చేయి ఒకటి బయటికి వచ్చింది. "ఒక్కసారి చూపించమ్మా, ఒకే ఒక్కసారి." చూపించినాను. చూసి, తృప్తిగా మళ్ళీ పండుకుంది. పోయేటప్పుడు శాస్త్రులయ్య బిడ్డను దూరం నుంచే చూసి చేయెత్తి దీవించినాడు.

మరుసటి దినం ఆఫీసాయన నా అల్లుడికి ఫోన్ చేసి చెప్పినాడు. ఎందుకని అడగకూడదనే మాట మీద శానా సేపు వాదన జరిగిందంట. ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదంట. చివరికి ఆ కట్టుబాటే నిలిచింది, సైటు కంపెనీకి పోలేదు, నా కూతురి తావనే ఉంది. నా అల్లుడు మా ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నా కూతురు బిడ్డకు పాలిస్తా ఉండింది.  బిడ్డ తల నిమిరి నిమిరి నిమరతానే ఉండింది.

ఇప్పుడు బిడ్డకు కూర్చోవడం వచ్చింది. నా కూతురు హోసూరుకు పోయి పనిలో చేరింది. బిడ్డను చూసుకునేదానికి నేను కూడా వాళ్ళతోనే ఉన్నాను. మొన్న పొద్దున్నే, బస్సుకు టైమయిందని తను తల దువ్వుకుంటా ఉంటే ఫోను మోగింది. స్పీకర్ పెట్టింది. శాస్త్రులయ్య.

"అమ్మాయీ, ఈ దినం నాకు కాదు. ఇంకొకాయనకు చెప్పు," అన్నాడు. అంతే. ఆ గొంతు ఆయన గొంతు మాదిరి లేదు, ఎక్కడో పగిలినట్టుంది.

"సరే సామీ," అనింది నా కూతురు. ఫోను పెట్టేసి, రెండో పండితుడికి చేసి, తిథి అడిగి, నిలబడే ఎక్కించేసింది.

నాకు ప్రాణం ఆగలేదు. "ఏమైందంటనే? ఇంట్లో ఎవరికైనా ఏమైనా... ఒక్క మాట అడక్కపోతివి?"

"అడగకూడదమ్మా," అనింది, జడకు రబ్బరు బ్యాండ్ వేసుకుంటా.

తను బస్సుకు పోయినాక బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోని, నా ఫోనులో ఆ పేజీ తెరిచి సామి ఫోటో ముందర చేతులు జోడించినాను. ఆయన ఇంట్లో పుట్టింది ఎవరో, పోయింది ఎవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, ఆ ఇంటిని చల్లగా చూడు సామీ అని మొక్కినాను.