ఒంటబట్టని సంకటి

వానలకు మొలిచిన లేతగడ్డి మేసి కడుపు ఉబ్బిన గొర్రెకు వెదురు గొట్టంతో ఆముదం పట్టించడం అర్ధవీడు పక్కన మా ఊళ్లో అందరికీ తెలిసిన వైద్యమే. నాయన చేతిలో అలా బతికిన జీవాలు ఎన్నో. ఆ ధీమాయే ఆయన కొంప ముంచింది.

పోయిన వానాకాలం ఆయన పొట్ట బిగుసుకుపోయింది. విరేచనం లేదు, గాలి కూడా పోవడం లేదు, మజ్జిగ తాగినా వాంతి. ఆసుపత్రికి పోదామంటే వినడే!

“నువ్వేమన్న గొర్రెవా నాయనా?” అని అరిచాను.

“ఏ కడుపైనా కడుపే గద పాపా. ఎన్నిటికి పట్టించినానో నేను! గొట్టం తే.”

నేను తేలేదు. ఆయనే లేచి, సీసా ఎత్తి గటగటా తాగేశాడు. కాసేపటికే నేల మీద పడి మెలికలు తిరిగిపోయాడు.

ఒంగోలులో ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. నమిలిన ముద్ద లాలాజలంతో మెత్తబడి, పొట్టలోని ఆమ్లంలో నలిగి జావవుతుంది. అసలు అరుగుదలంతా చిన్నపేగులోనే. అక్కడ పిత్తం కొవ్వును విడగొడుతుంది, పేగు లోపలి నూగు సారాన్ని పీల్చి రక్తానికి అందిస్తుంది. నాయనకు ఆ పేగే మెలిపడింది. దారి మూసుకున్న పేగును ఆముదం ఇంకా తరిమి మెలిని బిగించింది. నల్లబడిన పేగు చాలావరకు కోసి తీసేసి, మిగిలిన కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు సంచి తగిలించారు.

పండక్కి యాటను కోస్తే పేగులు తిరగేసి కడిగేది నేనే. ఆ నూగును జిగట అని విసుక్కుంటూ గీకిపారేసేదాన్ని. మనిషి ప్రాణం దాన్నే పట్టుకుని ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇంటికొచ్చాక సంకటి మెత్తగా కలిపి పెట్టేదాన్ని. తిన్న కాసేపటికే సంచి నిండేది. పెంటికలు చూసి ఏ గొర్రె ఏం మేసిందో చెప్పే మనిషి, ఇప్పుడు తన సంచి వంక చూస్తూ కూర్చునేవాడు. టమాటా తోలు, పప్పు బద్ద, తిన్నవి తిన్నట్టే కనిపించేవి. భుజాల ఎముకలు తేలాయి. ఆయన మొండితనం తలచుకుంటే ఒళ్లు మండేది, ఆయన ఆకలి అన్నప్పుడల్లా మాత్రం భయమేసేది.

ఒకరోజు ముద్ద ముట్టుకోలేదు.

“తిను నాయనా.”

“ఎంత మేపినా ఒంటబట్టని జీవాన్ని మనమేం జేస్తాం పాపా?”

మేత దండగని కటికాయనకు తోలేస్తాం. అది చెప్పలేక ఏడ్చేశాను. ఆయన పళ్లెం నా వైపు జరిపాడు.

“నువ్వు తిను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.”

ఆ తర్వాత ఆయన మళ్లీ సంకటి అడగలేదు.