నీటికాకులు తినని చేపలు

ఏలూరు బస్టాండులో కైకలూరు బస్సు కోసం కూర్చుని, మా చేపల చెరువు కాపలా మనిషి మీద ఫోన్లో అరుస్తున్నాను.

"నీటికాకులు వాలుతుంటే ఏం చేస్తున్నావయ్యా? టపాకాయలు పేలుస్తూనే ఉండు. పేల్చావో లేదో నాకు వినబడాలి, ఫోను పెట్టెయ్యకు!"

మేత బస్తాలు ఖాళీ అవుతున్నాయి, చేపలు మాత్రం ఎదగడం లేదు. నా కోపమంతా ఆ పక్షుల మీదే.

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ పులిహోర డబ్బా తెరిచింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే బయట హారన్ మోగింది. డబ్బా మూసి పరుగెత్తి, బస్సు బోర్డు చూసి, రొప్పుతూ తిరిగొచ్చింది. మళ్లీ ముద్ద, మళ్లీ హారన్, మళ్లీ పరుగు. అసలే చిరాకులో ఉన్నానేమో, ఇక చూడలేకపోయాను.

"ఏవండీ, మీ బస్సొస్తే నేను చెబుతాను. ముందు కూర్చుని తినండి. ఏ ఊరెళ్లాలి?"

"తాడేపల్లిగూడెం అండీ," అంది ఆయాసపడుతూ. "ఇలా ఉలిక్కిపడుతూ తింటే ఒంటికేం పడుతుంది చెప్పండి? తిన్నదంతా ఈ పరుగులకే సరిపోతోంది."

అప్పుడే నా చేతిలోని ఫోన్లోంచి టపాకాయ పేలిన మోత వినిపించింది. ఆ వెంటనే, చెరువులో చేపలన్నీ బెదిరి ఎగిరిపడిన చప్పుడు.

ఆ వారమే టపాకాయలు మాన్పించి చెరువు మీద వల కట్టించాను. ఎలా దూరుతున్నాయో గానీ, నీటికాకులు వాటి వాటా అవి తింటూనే ఉన్నాయి. నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మిగిలిన చేపలు మాత్రం నింపాదిగా తింటున్నాయి, ఎదుగుతున్నాయి.