ఊపని జెండా

లాకుల చిట్టియ్య పులస పులుసుకు అమ్ముడుపోయాడని ధవళేశ్వరమంతా చెప్పుకున్నారు. ఫుట్‌బాల్ ఫైనల్‌కి ముందురోజు పొరుగూరి జట్టువాళ్ళు గిన్నెడు పులుసు పంపారట. అందుకే మన కుర్రాణ్ణి గోలు ముందు కాలడ్డం పెట్టి పడేసినా, గీత పక్కన జెండా పట్టుకున్న చిట్టియ్య ఫౌల్ చెప్పలేదట.

ఈ మాట విన్నప్పుడల్లా చిట్టియ్య మీసం కింద నవ్వుకునేవాడు. లంచం తిన్నవాడంటే కాస్త తెలివున్నవాడనేగా! అసలు సంగతి చెబితే ఆ గౌరవం కూడా దక్కదు.

అతను కాలవ లాకుల దగ్గర పడవలకు గేటు తీసే లస్కరు. ఎర్రజెండా కదలకుండా పట్టుకుంటే పడవ ఆగాలి, ఊపితే రావాలి. మీసం రాకముందు నుంచీ ఆ చేతికి తెలిసిన చదువు అదొక్కటే. వేసవికి కాలవ కట్టేశారు, ఖాళీగా కూర్చున్నాడు కదా, జెండా అలవాటే కదా అని డ్రిల్లు మాస్టారు జగన్నాథరావు గారు అతన్ని లైన్స్‌మన్‌ని చేశారు.

“రిఫరీనైనా నాకు అన్నీ కనబడవు చిట్టియ్యా. నాకు కనబడని ఫౌల్ నువ్వే చెప్పాలి. జెండా ఎత్తి గట్టిగా ఊపు. ఎత్తి ఊపకుండా పట్టుకుంటే ఆఫ్‌సైడ్ అనుకుంటాను. విజిల్ మాత్రం నాదే.”

“అలాగేనండి,” అన్నాడు చిట్టియ్య. ఆఫ్‌సైడంటే ఏంటో అడగడానికి సిగ్గేసింది.

కుర్రాడు సరిగ్గా అతని ఎదుటే పడ్డాడు. మాస్టారికి ఆటగాళ్ళ వీపులు అడ్డం. చిట్టియ్య జెండా ఎత్తాడు. ఊపబోతే చెయ్యి ఒప్పుకోలేదు. ప్రమాదం కళ్ళెదుట కనబడుతుంటే జెండా ఊపడమా! కొయ్యలా నిలబడిపోయాడు. మాస్టారు ఆఫ్‌సైడ్ అనుకుని బంతి అవతలివాళ్ళకిచ్చారు. పెనాల్టీ పోయింది, కప్పూ పోయింది.

కొన్నాళ్ళకు భార్య బుల్లెమ్మ కబురు తెచ్చింది. “మీ పులుసులో మాస్టారు కూడా చెయ్యి పెట్టారంటన్నారు. ఆయన్ని రిఫరీగా తీసేత్తారంట. మీరింకా మీసం దువ్వుకుంటా కూచోండి!”

చిట్టియ్యకు నవ్వు రాలేదు. తువ్వాలు భుజాన వేసుకుని టోర్నమెంటు పెద్ద సాంబశివరాజు గారి అరుగు ముందుకెళ్ళాడు. మాస్టారూ అక్కడే తల వంచుకుని ఉన్నారు.

“మేమేం తిన్లేదండి. నేనే ఊపలేదండి.”

“ఏం, ఎందుకూపలేదు?”

“ఊపితే పడవొచ్చి గేటుని గుద్దేత్తాదండి.”

అరుగంతా నవ్వులు.

“గ్రౌండులోకి పడవేంటయ్యా నీ మొహం!” అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ.

మాస్టారు మాత్రం నవ్వలేదు. “జెండా ఎందుకెత్తావని వాడి దగ్గరకెళ్ళి అడగాల్సింది నేనండి. విజిల్ నాది.”

“అయితే ఇద్దరూ కలిసే ముంచారన్నమాట,” అని రాజుగారు విజిల్ మాస్టారి దగ్గరే ఉంచారు. చిట్టియ్యకు ‘పడవ రిఫరీ’ అన్న పేరు దక్కింది.

ఏటికవతలి ఊళ్ళల్లో ఇంకా పులుసు కథే నడుస్తోంది. అక్కడికి పనిమీద వెళ్ళినప్పుడు చిట్టియ్య కాస్త రొమ్ము విరుచుకునే నడుస్తాడు, కాదనడు.

ఆ ఫైనల్ జరిగింది మే నెలలో. గోదాట్లోకి పులస వచ్చేది వరదకు నీళ్ళు ఎర్రబడ్డాకే.