కంచంలో లేని ముద్దలు

మార్చి ఒకటో తారీఖున నా బరువు డెబ్బై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. పొద్దున ఆరుంపావుకి, పరగడుపున, చెవికమ్మలు తీసి చూసుకున్న బరువది. కమ్మల బరువు ఈ మిషన్‌కు తెలియదు అత్తమ్మా అంది మా కోడలు. తెలియకపోవచ్చు. నాకు తెలుసు, ఆరు గ్రాములు.

ఆ ముందురోజే మోకాళ్ళ డాక్టరమ్మ సంగతి తేల్చి చెప్పింది. మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గితే మందులతో, నడకతో నెట్టుకురావచ్చు. తగ్గకపోతే కుడి మోకాలికి ఆపరేషన్ మాట తీయాల్సిందే. నాకు కత్తి అంటే భయం. ఇద్దరు పిల్లల కాన్పుల్లో కూడా నా ఒంటిమీద కత్తి పడలేదు. ఈ వయసులో మోకాలి కోసం పడనిస్తానా?

పైగా బరువులు నాకు కొత్త కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేశాను. నెలకోసారి పిల్లలను గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టి, వేలాడే త్రాసుకు తగిలించి తూచేదాన్ని. ఒక్కొక్కరు వంద గ్రాములు పెరగడానికి ఎంత పోరాటం. ఇప్పుడు అదే పోరాటం, ముల్లు అటు పోవడానికి బదులు ఇటు రావాలి, అంతే.

కోడలు తన ఫోన్‌లో క్యాలరీలు లెక్కగట్టే యాప్ పెట్టింది. రోజుకు పద్నాలుగు వందలు దాటకూడదు. జొన్నరొట్టె ఒకటి అని నొక్కమంటుంది యాప్. ఏ కొలత రొట్టె? నా రొట్టె అడ్డం తొమ్మిది అంగుళాలు, స్కేలు పెట్టి చూశాను. అందుకని నేను నోట్‌బుక్‌లో గ్రాములతో రాసేదాన్ని. కోడలు మీర్‌పేట్‌లో ఉద్యోగం నుంచి సాయంత్రం వచ్చాక అవన్నీ ఫోన్‌లోకి ఎక్కించేది. రాయడానికి నా నియమం ఒక్కటే, రిజిస్టర్ నాటి నియమం. కంచంలో పెట్టింది రాయాలి, కంచంలో లేనిది రాయకూడదు.

రోజూ పొద్దున చెరువు కట్ట మీద ఆరువేల రెండు వందల అడుగులు నడిచాను. ఏప్రిల్ ఇరవైకి బరువు డెబ్బై ఆరు కిలోల వంద గ్రాములు. తగ్గింది రెండు కిలోల మూడు వందలు. ఈ లెక్కన మే ఆఖరుకి ఐదు కిలోలకు దగ్గరగా పోతానని వేళ్ళు మడిచి చూసుకుని, ఆ రోజు నిశ్చింతగా నిద్రపోయాను.

మే పదో తారీఖు పొద్దున మిషన్ ఎక్కితే డెబ్బై ఆరు కిలోల తొమ్మిది వందలు.

దిగి మళ్ళీ ఎక్కాను. అదే. ముందు మిషన్‌ను అనుమానించాను. దుకాణం నుంచి కిలో ఉప్పు ప్యాకెట్లు ఐదు తెప్పించి దాని మీద పేర్చాను. సరిగ్గా ఐదు కిలోలు చూపించింది. తర్వాత నోట్‌బుక్‌ను అనుమానించాను. ఇరవై రోజుల కూడికలు రెండుసార్లు వేశాను. ఒక్కరోజు కూడా పద్నాలుగు వందలు దాటలేదు. ఇక మిగిలింది కోడలు.

"నువ్వు ఫోన్ల తప్పు ఎక్కించినవా?"

"నేను ఎక్కిస్తుంటే పక్కన కూసొని చూసేది నువ్వే కదా అత్తమ్మా. నిన్న పెసరపప్పు బదులు కందిపప్పు నొక్కితే లేపి కూసోబెట్టినవ్."

అదీ నిజమే.

ఆ రోజే ఎదురింటామె మామిడికాయ తొక్కు కలుపుతూ కేకేసింది. ఈమె కొడుకును నేను రెండేళ్ళు తూచాను. మా వీధిలో తొక్కు పెడితే ఉప్పు చూడడానికి నన్నే పిలుస్తారు. ముక్కలెన్ని, ఉప్పెంత, కారమెంత అని తూకం చెప్పేది నేనే. అందరికీ కుదిరిన తొక్కు నా లెక్క వల్లే కుదిరిందని నా నమ్మకం, వాళ్ళ నమ్మకం కూడా. తొక్కు జాడీలోకి ఎత్తాక బేసిన్‌కు అంటిన నూనె, కారంలో వేడన్నం వేసి కలిపి, చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో ముద్దలు పెడతారు. వద్దంటే తొక్కుకు వంక పెట్టినట్టే. అట్లా అన్న ఏడాది బూజు పడితే ఇక జన్మంతా ఆ మాట మన మీదే.

నేను మూడో ముద్ద నోట్లో పెట్టుకుని నా బాధంతా చెప్పుకున్నాను. ఆమె బేసిన్ అంచు వేలితో తుడుస్తూ వింది.

"టీచరమ్మా, మా పోరడు బరువు పెరగకుంటే నన్ను ఏమన్నవో యాదికున్నదా?"

"ఏమన్న?"

"నడివాకిట్ల నిలబెట్టినవ్. సెంటర్ల నేను పెట్టింది రాసిన, ఇంట్ల నువ్వేం పెడుతున్నవో చెప్పు అన్నవ్. మా అత్త ముందట అన్నవ్."

"అన్న. తప్పేమున్నది?"

"మరి గిది రాసినవా?" అని నా చేతి కారం చూపించింది.

"గిది కంచంల తిన్నది కాదు కదా. ఉప్పు చూసుడు."

"మూడు ముద్దల ఉప్పు చూస్తరా ఎవలన్న? కంచంల పడ్డది రాస్తివి. నోట్ల పడ్డది ఎవలు రాయాలె, నేనా?"

నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. నోట్లో ముద్ద ఉంది.

ఇంటికొచ్చి వీధి మొత్తం గుర్తు చేసుకుని రాశాను. ఇరవై రోజుల్లో పదిహేడు ఇళ్ళు. ఇంటికి మూడు ముద్దల చొప్పున యాభై ఒకటి. అంతే ముద్ద కలిపి తూస్తే అన్నం అరవై గ్రాములు, పైన పల్లి నూనె. కోడలు ఫోన్‌లో నొక్కితే ముద్దకు నూట ముప్పై వచ్చింది. యాభై ఒకటిని నూట ముప్పైతో గుణిస్తే ఆరువేల ఆరువందల ముప్పై.

"ఏడువేల ఏడు వందలకు ఒక కిలో అట. ముప్పావు కిలో పైనే అత్తమ్మా," అంది కోడలు. నవ్వు ఆపుకోవడానికి ఫోన్‌ను ముఖానికి అడ్డం పెట్టుకుంది.

పెరిగింది ఎనిమిది వందల గ్రాములు. లెక్క అంత బాగా కుదిరినందుకు ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళలో నేను గదమాయించిన తల్లులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అందరి విషయంలో నాది తప్పు కాదు, కొందరిని నిజంగానే గదమాయించాల్సి వచ్చింది.

నోట్‌బుక్‌లో కొత్త గడి గీసి పైన 'చేతి ముద్దలు' అని రాశాను. అప్పటినుంచి ఉప్పు నాలుక కొసతో చూశాను. ముద్ద వద్దనలేని చోట ఒక్కటి తీసుకుని, వాళ్ళ ముందే రాసుకున్నాను. మొదట్లో ముఖం ముడుచుకున్నారు. తర్వాత, నాది ఎన్ని క్యాలరీలు అని అడగడం మొదలుపెట్టారు. తక్కువ వచ్చిన ఇంటావిడ, నూనె తక్కువ పోసిందని పేరు పడుతుందేమోనని నొచ్చుకుంది.

మే ముప్పై ఒకటిన డాక్టరమ్మ మిషన్ మీద డెబ్బై ఐదు కిలోల ఎనిమిది వందలు.

"ఐదు కిలోలు అన్న కదమ్మా. రెండు కిలోల ఆరు వందలే తగ్గినవ్."

"సగానికి వంద గ్రాములు ఎక్కువ," అన్నాను.

ఆమె నోట్‌బుక్ తిరగేసింది. కొత్త గడి దగ్గర ఆగి, ఇదేంటని అడిగింది. చెప్పాను. రెండు పేజీలు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివి, నా మోకాలు వంచి చూసి, "ఇంకో మూడు నెలలు చూద్దాం. ఆపరేషన్ మాట అప్పుడు," అంది. గుమ్మం దాటుతుంటే, "ఉప్పు ఎంత వేస్తరమ్మా, కిలోకు?" అని అడిగింది. చెప్పి వచ్చాను.

సాయంత్రం ఎదురింటామె మళ్ళీ పిలిచింది. కందుకూరు నుంచి ఆఖరు కాయలు వచ్చాయట, చెల్లెలి కోసం ఇంకో జాడీ పెట్టింది. ఆపరేషన్ మూడు నెలలు వెనక్కి పోయిందని చెప్తే, ఆ సంతోషానికి ముద్ద చేసింది.

"సగం చెయ్యి," అన్నాను.

"ముద్దల సగం ఉంటదా టీచరమ్మా?"

"ఉంటది. అరవై ఐదు క్యాలరీలు."

ఆమె ముద్దను రెండు చేసింది. ఒకటి నా చేతిలో పెట్టి, రెండోది తన నోట్లో వేసుకుంది.

"నాది గూడ రాయి," అంది. "నాకు గూడ మోకాళ్ళున్నయి."