మామగారి రివాల్వర్‌కు సరిపడే తూటాలు

మా మామగారి దగ్గర ఒక పాత రివాల్వర్ ఉండేది. మనుషుల మీదకు ఎక్కుపెట్టే సరుకు కాదు, గురి నేర్చుకోవడానికి చేసింది. గొట్టం పొడుగు, తూటా మాత్రం పెన్సిలు ముక్కంత. అడవుల శాఖలో పనిచేసిన తెల్లదొర ఒకాయన స్వదేశం వెళ్ళిపోతూ దాన్ని ఈయనకు ఇచ్చాడట. టెక్కలి ఆఫీసు చుట్టూ తిరిగి లైసెన్సు తన పేరుకు మార్పించుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దుటే కొబ్బరితోట చివర ఇసుక దిబ్బకు చిప్పలు ఆనించి కాల్చేవారు. ఎడమ కంటికి శుక్లం కమ్మింది. ఉన్నదల్లా ఆ కుడి కన్నే, గురి కూడా దానితోనే.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళింది యాభైల్లో. టెక్కలిలో బడిపంతులు కూతుర్ని, స్కూల్ ఫైనల్ దాకా చదివాను. సోంపేట దగ్గర ఆ ఊళ్ళో ఇంగ్లీషు చదవగలిగిన ఆడది నేనొక్కతినే. అయితే ఏం లాభం? మామగారి ఎదుట కోడలు నోరు విప్పకూడదు. మందుసీసా వచ్చినా, ఆఫీసు కాగితం వచ్చినా వంటింట్లోకి నా దగ్గరకు వచ్చేది. నేను చదివి అత్తగారికి చెబితే ఆవిడ వసారాలోకి వెళ్ళి ఆయనకు చెప్పేవారు. చదువు నాది, నోరు ఆవిడది. నాకు ఒళ్ళు మండేది గానీ ఎవరితో చెప్పుకోను?

ఆ ఏడు పాత తూటాలు అయిపోయాయి. పలాసలో జీడిపప్పు వ్యాపారం చూసుకునే మా ఆయన, లైసెన్సు కాగితాలూ తండ్రి సంతకం పెట్టిన ఉత్తరమూ పట్టుకుని విశాఖపట్నం వెళ్ళి, తుపాకుల దుకాణంలో కొత్త పెట్టె తెచ్చారు. తండ్రీకొడుకులు ఒక తూటాను రివాల్వర్ చక్రంలో దూర్చి చూసుకున్నారు. చక్కగా పట్టింది. పట్టింది కదా, ఇంకేం కావాలన్నారు. మా ఆయన పలాస వెళ్ళిపోయారు.

శనివారం మధ్యాహ్నం పెట్టె నా దగ్గరకు వచ్చింది, దాని మీద ఏం రాసుందో చూడమని. ఎర్ర అక్షరాలతో హై స్పీడ్ అని ఉంది. రివాల్వర్ డబ్బా మూత లోపల దొర తన చేత్తో రాసి అంటించిన చీటీ ఒకటి చూసిన గుర్తు, ఆ డబ్బా కూడా తెప్పించుకున్నాను. ఇందులో మామూలు వేగం తూటాలే వాడాలి, జోరెక్కువ ఉన్నవి వద్దు, ఇత్తడి డొప్ప అంచు దగ్గర పగిలి వెనక్కి ఎగరవచ్చు అని రాశాడు. ఖాళీ చక్రంలో ఒక తూటా పెట్టి చూశాను. ఈ రకం తూటాలో మందు అంటుకునేది అడుగున ఉన్న అంచులోనే, రివాల్వర్ సుత్తి కొట్టేదీ అక్కడే. ఆ అంచు మొత్తం చక్రానికి పైనే నిలబడి ఉంది, చుట్టూ కాపు లేదు. పగిలిందంటే ముక్క వచ్చి తగిలేది గురి చూసే కంటికే.

అత్తగారికి అంతా చెప్పాను. వేలు పెట్టి చూపించాను కూడా. ఆవిడ బుద్ధిగా విని వసారాలోకి వెళ్ళారు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"కోడలు జాగర్తగా పేల్సమంటంది" అన్నారావిడ.

ఆయన అలాగేలే అన్నారు. నాకు తల కొట్టుకోవాలనిపించింది. మళ్ళీ పంపాను. ఈసారి కాస్త మొహం పక్కకు తిప్పి పేల్చమని చెప్పి వచ్చారు. మొహం తిప్పుకుని గురి చూసేవాడు ఎక్కడైనా ఉంటాడా?

మర్నాడు పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి కిటికీలోంచి చూస్తే, ఆయన తోట చివర చిప్పలు ఆనిస్తున్నారు. పాలు పొంగితే పొంగాయని చీటీ ఊడదీసుకుని పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి చెయ్యి ఎత్తి, ఎడమ కన్ను మూశారు.

"మావయ్యగారూ, పేల్చకండి" అన్నాను.

కాపురానికి వచ్చిన రెండేళ్ళకు ఆయనతో నేనన్న మొదటి మాట అది. ఆయన చెయ్యి దించి నా వైపు చూశారు. కోప్పడతారనుకున్నాను.

"ఏటి రాసుందమ్మా? సదువు" అన్నారు.

చదివాను. మాట మాటకూ తెలుగులో అర్థం చెప్పాను. ఆయన ఆరు తూటాలూ అరచేతిలోకి దులుపుకుని, ఒకదాని అంచును గోటితో గీకి చూశారు. మీ అత్త జాగర్తగా పేల్చమందే అన్నారు.

ఆ రోజే దుకాణానికి ఉత్తరం రాయించారు, నేను చెబుతుంటే ఎవరో రాయడం కాదు, నా చేతే. మామూలు వేగం, సీసం గుండు, పొడవు ఇంత, జోరువి వద్దు. మా ఆయన పట్టుకెళ్తే దుకాణం పెద్దాయన చదివి, అమ్మిన గుమాస్తాను చీవాట్లు పెట్టి పెట్టె మార్చి ఇచ్చాడట. అప్పటి నుంచి మామగారు కాగితం ఏదొచ్చినా వంటింటి గుమ్మం దాకా వచ్చి నన్నే పిలిచేవారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో.

అత్తగారు మాత్రం నాతో ముభావంగా ఉన్నారు. హద్దు మీరానని కోపమనుకున్నాను. కొత్త తూటాలు కాల్చిన ఆదివారం ఇద్దరం పెరట్లో జీడిపిక్కలు ఎండబోస్తున్నాం. తోటలోంచి చప్పుడు వినబడినప్పుడల్లా ఆవిడ చెయ్యి ఆగిపోతోంది. ఆరు తూటాలూ అయ్యాయి. మామగారు ఎవరినో పలకరిస్తూ తోటలోంచి వస్తున్నారు. నన్ను క్షమించమని అడగబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు సెప్పింది నాకు అర్దం కానేదనుకున్నావా? ఆ కన్ను పోతాదని తెలిసింది. రెండుసార్లూ తెలిసే ఎల్లాను. ముప్పై ఏళ్ళయింది, ఆ మడిసితో 'వద్దు' అని నానెప్పుడూ అన్నేదు. ఎలాగనాలో నాకు తెల్దే."