మా అత్తమ్మ పారేయని రాజు

పందొమ్మిది వందల అరవైల్లో నేను నిర్మల్ ఊరికి కొత్త కోడలిగా వెళ్లాను. మావారు కొయ్యబొమ్మలకు రంగులు వేసేవారు. ఆదివారం మధ్యాహ్నాలు అత్తమ్మ, ఆడబిడ్డ, నేను రమ్మీ ఆడేవాళ్లం. ఎక్కువ పాయింట్లు పడి ఓడినవాళ్లు మరునాడు ఇంటికి కావలసిన నీళ్లన్నీ బావిలోంచి చేదాలి.

ఒకరోజు నాకు ఆఠీను రాజు ఒక్కటీ వస్తే చాలు, ఆట నాదే. అసలు రాజు ఎప్పుడో పోతే మావారు అట్టముక్క మీద కొత్తది గీశారు. రంగు పూసిన దాని వీపు అత్తమ్మ చేతిలో నిగనిగలాడుతూ కనబడుతోంది. అప్పటికప్పుడు ఆ ఆట వదిలేసి దిగిపోతే నాకు సగం పాయింట్లే పడతాయి. కానీ దాని పక్క ముక్కలన్నీ నా దగ్గరే ఉండగా, పనికిరాని రాజును అత్తమ్మ ఎంతసేపని పట్టుకుంటుంది?

"దిగిపో పిల్లా. అవ్వ గా రాజును పడెయ్యది," అంది ఆడబిడ్డ, వాళ్లమ్మ వైపు చూస్తూ.

నన్ను బెదిరిస్తోందనుకుని కూర్చున్నాను. మరి కాసేపటికి ఆడబిడ్డే ఆట ముగించింది. అందరికంటే ఎక్కువ పాయింట్లు నావే.

"గది మీకు పనికిరాదు గద అత్తమ్మా, ఎందుకు పడెయ్యలే?" అన్నాను ఏడుపుగొంతుతో.

అత్తమ్మ ముక్కను తిప్పి చూపింది. ఆ మీసాలు, ఆ ముక్కు అచ్చం పక్కనే మంచం మీద కునుకు తీస్తున్న మామయ్యవే. మావారు తండ్రిని చూసి గీశారట.

"మొగన్ని నేల మీద ఎట్ల పారేస్త?" అంది.

మరునాడు నేను లేచేసరికి మామయ్య బావి దగ్గర నీళ్లు చేదుతున్నారు.

"నా మూలంగనే ఓడినవు గద బిడ్డా," అన్నారు.

ఆ పేక ఇప్పుడు నా దగ్గరుంది. మా కోడలు ఎంత ఎదురుచూసినా ఆ రాజును నేనూ కింద పడెయ్యను.